బిజినెస్ క్లాసులో మీల్ ఆప్షన్ అయిపోతే క్రూ ముందు ఎవరిని చూసుకోవాలి?

చివరి_వరుస అడిగారు:

ఈమధ్య రాత్రంతా సాగే ఒక లాంగ్ ఫ్లైట్‌లో బిజినెస్ క్లాసు టికెట్ కొనుక్కుని వెళ్లాను. ఎయిర్‌లైన్ పేరు ఇక్కడ అనవసరం, నా ప్రశ్న ఒక్క కంపెనీ గురించి కాదు. మెనూలో మూడు మెయిన్ కోర్సులు ఉన్నాయి, చికెన్, చేప, కూరగాయలతో పాస్తా. క్రూ మొదట మధ్యలో ఒకాయన దగ్గరికి వెళ్లి పేరు పెట్టి పలకరించి ఆర్డర్ రాసుకున్నారు, తర్వాత ముందు వరుసలో ఇంకొకావిడ దగ్గరికి, మళ్లీ వెనక్కి. ఇదేం పద్ధతి అని చూస్తుంటే అప్పుడు అర్థమైంది, ఫ్రీక్వెంట్ ఫ్లయర్ కార్డు పెద్దది ఉన్నవాళ్లందరినీ ముందు అడిగేసి, ఆ తర్వాతే మొదటి వరుస నుంచి మామూలుగా మొదలుపెట్టారని. నా దాకా వచ్చేసరికి చేప ఒక్కటే మిగిలింది. నేను చేప తినను.

పక్క సీటాయన మైల్స్‌తో, అంటే తరచూ ప్రయాణించేవాళ్లకు ఎయిర్‌లైన్ ఇచ్చే పాయింట్లతో, ఎకానమీ నుంచి బిజినెస్‌కి అప్‌గ్రేడ్ చేయించుకుని వచ్చారట, మాటల్లో ఆయనే చెప్పారు. ఆయనకు చికెన్ దొరికింది. ఆయన మీద నాకేం కోపం లేదు. క్రూ మీద కూడా లేదు, ఆ అమ్మాయి పాపం చాలాసార్లు సారీ చెప్పి సలాడూ బ్రెడ్డూ చీజూ ఇంకో ప్లేటు తెచ్చి పెట్టింది. కాకపోతే ఒకే క్యాబిన్‌లో కూర్చున్నవాళ్లలో ఎవరు ముందు, ఎవరు వెనక అనేది దేన్ని బట్టి తేలుస్తారో తెలుసుకోవాలని ఉంది. కార్డు స్థాయా, టికెట్‌కి పెట్టిన డబ్బా, సీటు వరుసా? డబ్బు పెట్టి కొన్నవాళ్ల తర్వాతే అప్‌గ్రేడ్ అయినవాళ్లను అడగాలన్న నియమం ఏమైనా ఉందా? దీనికి ఏదైనా చట్టం గానీ రూలు గానీ ఉంటే చెప్పండి. లేకపోతే ఎలా ఉండాలని మీరనుకుంటున్నారో చెప్పండి. క్యాబిన్ క్రూలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఇంకా మంచిది.

---

మాజీ_పర్సర్ జవాబు:

చాలా ఏళ్లు పర్సర్‌గా, అంటే క్యాబిన్ క్రూకి పెద్దగా, ఈ పనే చేశాను కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిక చేసుకోండి.

చట్టం ఏమీ లేదండి. ఫ్లైట్ ఆలస్యమైతే భోజనం పెట్టాలి లాంటి నిబంధనలు కొన్ని చోట్ల ఉన్నాయి కానీ, చికెన్ అయిపోతే ఎవరికి ముందు ఇవ్వాలో ఏ ప్రభుత్వమూ చెప్పదు. అది పూర్తిగా కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లో ఉండే విషయం, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో చాలాకాలం ఒక పద్ధతి నడిచింది, ఫ్లైట్ నంబర్ సరిసంఖ్య అయితే ముందు వరుస నుంచి, బేసి సంఖ్య అయితే వెనక వరుస నుంచి ఆర్డర్ తీసుకునేవాళ్లు. అందులో ఎవరి గొప్పా లేదు, ఒకసారి ముందువాళ్లకు నష్టం, ఇంకోసారి వెనకవాళ్లకు. ఇప్పుడు చాలా కంపెనీల్లో క్రూ చేతిలో ట్యాబ్లెట్ ఉంటోంది, అందులో సీటు నంబరు పక్కనే పేరు, కార్డు స్థాయి, స్పెషల్ మీల్ ఉందా లేదా, తర్వాత కనెక్షన్ ఫ్లైట్ ఉందా, అన్నీ కనిపిస్తాయి. కనిపిస్తున్నాయి కాబట్టి పై స్థాయి కార్డు నుంచి మొదలుపెట్టమనడం కంపెనీకి తేలికైపోయింది. మీరు చూసింది అదే.

ఇక ఎలా ఉండాలి అంటే, నా మాట సూటిగా చెప్తాను. మిగిలింది అసలు తినలేని మనిషి ముందు. కార్డు ఆ తర్వాత. ఇద్దరూ ఏదైనా తినగలిగినప్పుడు, ఒక్క ప్లేటే ఉన్నప్పుడు, అప్పుడు కార్డు చూడండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ శాకాహారి దగ్గరికి చేప ప్లేటు పట్టుకుని వెళ్లి "ఇదొక్కటే ఉందండి" అనే పరిస్థితి వచ్చిందంటే ఆ సర్వీసు సరిగ్గా నడపలేదని అర్థం, పై కార్డులవాళ్లందరూ ఎంత సంతోషంగా ఉన్నా సరే.

ఇది చేయడం కష్టమేమీ కాదు. కిటుకంతా ఎవరికీ ప్లేటు ఇవ్వకముందే అందరినీ అడిగేయడంలో ఉంది. విమానం ఎక్కగానే నేను చేసే మొదటి పని గ్యాలీలో, అంటే విమానంలోని చిన్న వంటగదిలో, ట్రాలీలు తెరిచి ఏది ఎన్ని వచ్చాయో లెక్కపెట్టుకోవడం. ముప్ఫై సీట్ల క్యాబిన్ అనుకోండి, పాస్తా ఆరే ఉంటే ఆ ఆరింటి మీదే నా కన్ను ఉంటుంది. నేల మీద ఉండగా వెల్‌కమ్ డ్రింక్ ఇచ్చేటప్పుడో, టేకాఫ్ తర్వాత సీటు బెల్టు గుర్తు ఆరిపోయాకో ఆర్డర్లు తీసుకుంటాం కదా, అప్పుడు ప్రతి ఒక్కరినీ "మొదట ఏది కావాలి, అది లేకపోతే రెండోది ఏది" అని రెండూ అడిగి రాసుకోమని నా టీమ్‌కి చెప్పేదాన్ని. పై కార్డు ఉన్నాయన్ని కూడా రెండోది అడగాలి. ఆయనకు అవమానమేమీ కాదు, చాలామంది "ఏదైనా పర్లేదమ్మా" అంటారు, అలా అన్న ప్రతి మనిషీ మనకు ఒక ప్లేటు మిగిల్చినట్టే. అందరి దగ్గరా రాసుకున్నాక గ్యాలీలో కాగితం పక్కన పెట్టుకుని సర్దితే, ఎవరికీ నచ్చనిది వెళ్లే సందర్భాలు చాలా తగ్గిపోతాయి. అలా కాకుండా ఒక్కొక్కరికీ "ఉంది, ఇస్తాను" అని అక్కడికక్కడే మాట ఇచ్చుకుంటూ పోతే చివరి వరుసకి మిగిలేది క్షమాపణే.

ప్రీ-ఆర్డర్ చేసినవాళ్ల సంగతి వేరు. అది వాళ్లదే, పంచే లెక్కలోకి రానే రాదు. ముందే అడిగిన స్పెషల్ మీల్ కూడా అంతే.

కాదని చెప్పాల్సి వస్తే ఎలా చెప్పాలో మీరు అడగలేదు కానీ అసలు సంగతి అక్కడే ఉంది. ఆలస్యం చేయకూడదు. పక్కవాళ్లు సగం తిన్నాక వచ్చి చెప్తే ఎవరికైనా మండుతుంది. సీటు పక్కన కిందికి వంగి, ఆ మనిషికి మాత్రమే వినపడేలా, "మీకు చికెన్ ఇవ్వలేకపోతున్నాను, నా దగ్గర ఉన్నవి ఇవి" అని రెండు మూడు ప్రత్యామ్నాయాలతో వెళ్లాలి. ఫస్ట్ క్లాసు ఉన్న విమానమైతే అక్కడ మిగిలింది అడిగి తేవచ్చు. ఎకానమీలో ఆ వంటకం ఉంటే దాన్నే మంచి ప్లేటులోకి మార్చి ఇవ్వచ్చు, అడిగి ఇవ్వండి, దాచి కాదు. ల్యాండింగ్‌కి ముందు రెండో సర్వీసులో ఆ మనిషినే మొట్టమొదట అడగాలి, కార్డు ఎవరిదైనా సరే. "మీకంటే పై కార్డువాళ్లు తీసుకున్నారండి" అని మాత్రం చచ్చినా అనకూడదు. నిజమే అయినా అనకూడదు.

క్రూ భోజనం ఇచ్చేయొచ్చు కదా అని కొందరు అంటారు. మా వంతు మేం చాలాసార్లు ఇచ్చేశాం, అది మా ఇష్టం, ప్యాసింజర్ హక్కు కాదు. పైలట్ల భోజనం మాత్రం ఎవరూ ముట్టుకోరు. కెప్టెన్‌కి ఒకటి, కో-పైలట్‌కి ఇంకొకటి వేరువేరుగా ఇవ్వడం చాలా కంపెనీల్లో పద్ధతి, ఒకదాంట్లో తేడా ఉన్నా ఇద్దరూ ఒకేసారి పడిపోకూడదని. 1975లో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానంలో యాంకరేజ్‌లో ఎక్కించిన హామ్ ఆమ్లెట్ తిని 197 మందికి జబ్బు చేసింది, కోపెన్‌హాగన్‌లో దిగాక 144 మందిని ఆసుపత్రిలో చేర్చారు. కాక్‌పిట్‌లో ఉన్నవాళ్లు ఆ ఆమ్లెట్ తినలేదు కాబట్టి విమానం క్షేమంగా దిగింది. అందుకని ఆ ట్రేల వైపు చూడకండి.

---

ప్రతివారం_ప్రయాణం జవాబు:

పర్సర్ గారి అనుభవానికి దండం పెడుతూనే కొంచెం విభేదిస్తాను. నేను ఆ పై కార్డు బ్యాచ్ మనిషినే, ఉద్యోగరీత్యా గాల్లోనే బతుకు. మమ్మల్ని ముందు అడగడం క్రూ చూపించే దయేమీ కాదు. చాలా కంపెనీలు ఆ కార్డు ఇచ్చేటప్పుడు ఇచ్చే ప్రయోజనాల్లో ఇదీ ఒక భాగమే, కొన్ని రాసి మరీ ఇస్తాయి. ఆ మాట నమ్మి ఏళ్ల తరబడి, ఇంకో ఎయిర్‌లైన్‌లో తక్కువకి దొరుకుతున్నా, టైమింగ్ కుదరకపోయినా, వీళ్ల దగ్గరే టికెట్లు కొంటాం. తీరా విమానం ఎక్కాక "ఈరోజు వరుస ప్రకారం ఇస్తున్నాం" అంటే మాట తప్పినట్టే కదా.

ఇంకో సంగతి. ఏడాదికొకసారి వెళ్లేవాళ్లకు ఆ మెనూలో మూడూ కొత్తే. మెనూ మారేది నెలకో రెండు నెలలకో. అదే రూటులో అటూ ఇటూ తిరిగేవాడికి ఆ చేప వాసన కలలోకి కూడా వస్తుంది. ఆప్షన్ అవసరం ఎక్కువున్నది ఎవరికో మీరే చెప్పండి.

టికెట్ ధరని బట్టి ఇవ్వాలి అన్న చివరి_వరుస గారి ఆలోచన వినడానికి న్యాయంగానే ఉంటుంది, అమలు చేయడం మాత్రం కుదరదు. ఒకే క్యాబిన్‌లో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు కట్టిన డబ్బుకి పొంతన ఉండదు. ఆఫర్‌లో నెలల ముందు కొన్నవాళ్లు ఉంటారు, నిన్న రాత్రి కొన్నవాళ్లు ఉంటారు. కంపెనీ ఒప్పందం రేటుతో వచ్చినవాళ్లు ఉంటారు. మైల్స్ పెట్టినవాడు కూడా ఊరికే రాలేదు, ఆ మైల్స్ ఎక్కడో డబ్బు పెట్టి సంపాదించినవే. ఎవరెంత కట్టారో క్రూకి తెలియదు, తెలియకపోవడమే మంచిది. తెలిస్తే వాళ్ల మొహంలో కనిపించేస్తుంది.

మిగిలింది తినలేనివాళ్లు ముందు అనే మాటకు వస్తే, అది రూలని తెలిసిన మరుక్షణం క్యాబిన్‌లో సగం మంది శాకాహారులైపోతారు. మనుషులు అంత అమాయకులేం కాదు మేడమ్.

---

లోడింగ్_షీటు జవాబు:

మీరంతా పంచే దగ్గర కొట్టుకుంటున్నారు కానీ, తక్కువ ఎందుకు పడుతుందో చూడటం లేదు. నేను ఫ్లైట్ కేటరింగ్ కిచెన్‌లో పనిచేస్తాను, కాబట్టి ఆ వైపు సంగతి చెప్తాను.

మీరు తినే మెయిన్ కోర్సు విమానంలో వండింది కాదు. ఎన్నో గంటల ముందు నేల మీద వండి, వెంటనే బ్లాస్ట్ చిల్లర్‌లో, అంటే వేడి వంటని త్వరగా చల్లార్చే యంత్రంలో, పెట్టి 5 డిగ్రీలకో అంతకంటే తక్కువకో చల్లబరిచి, ఆ చల్లదనం పోకుండా ట్రాలీల్లో సర్ది లారీలో పంపిస్తాం. పైన క్రూ ఒవెన్‌లో వేడి మాత్రమే చేస్తారు. అంటే ఎన్ని చికెన్లు, ఎన్ని చేపలు అనేది మీరు ఎయిర్‌పోర్టుకి బయల్దేరకముందే తేలిపోయి ఉంటుంది. దేని ఆధారంగా? ఆ రూటులో ఆ టైములో ఇంతకుముందు ఏది ఎంత పోయిందో చూసి ఎయిర్‌లైన్ ఒక నిష్పత్తి ఇస్తుంది. అది సగటు. ఒకరోజు ఒకే పెళ్లికి వెళ్లే గుంపో ఒకే కాన్ఫరెన్స్ గుంపో ఎక్కిందంటే ఆ సగటు గాల్లో కలిసిపోతుంది.

అందరికీ అన్నీ సరిపడా ఎక్కించొచ్చు కదా అని నన్ను చుట్టాలు కూడా అడుగుతుంటారు. మూడు ఆప్షన్లుంటే ప్రతి సీటుకీ మూడు ప్లేట్లు ఎక్కించాలి, అంటే తినేదానికి రెండింతలు పారేయాలి. ట్రాలీలో అరలు లెక్క, ఒవెన్‌లో చోటు లెక్క, బరువు మోయడానికి ఇంధనం లెక్క. దిగాక మిగిలింది ఎవరికైనా పెట్టడం కూడా అంత సులువు కాదు. యూరోపియన్ యూనియన్ నియమాల్లో బయటి దేశాల నుంచి వచ్చిన విమానాల్లోని భోజన వ్యర్థాలు కేటగిరీ 1, అంటే అన్నిటికంటే ఎక్కువ ప్రమాదమున్న రకం, కిందికి వస్తాయి, జంతు రోగాలు పాకుతాయన్న భయంతో వాటిని కాల్చేయడమో అనుమతి ఉన్న చోట లోతుగా పూడ్చేయడమో చేయాలి. ప్లేటు ముట్టుకోకపోయినా అంతే. ఇక డబ్బు సంగతి సరేసరి. 1980ల్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి రాబర్ట్ క్రాండాల్ సలాడ్‌లోంచి ఒక్క ఆలివ్ కాయ తీయించి ఏడాదికి 40,000 డాలర్లు మిగిల్చారన్న కథ మా వృత్తిలో అందరూ చెప్పుకుంటారు. ఆలివ్ కాయకే అంత లెక్క చూసేవాళ్లు మీ కోసం అదనంగా చికెన్ ఎక్కిస్తారా?

చివరి నిమిషం అప్‌గ్రేడ్లు ఇంకో తలనొప్పి. ఎకానమీ ఎక్కువ అమ్మేసి గేటు దగ్గర ఐదారుగురిని బిజినెస్‌లోకి పంపిస్తారు. అప్పటికప్పుడు మాకు కబురొస్తే చిన్న బండిలో ఇంకొన్ని పంపిస్తాం, కానీ ఆ టైముకి చేతికి దొరికిందే పంపగలం, మెనూ చూసి ఎంచి కాదు. కాబట్టి సీట్లకి సరిపడా ప్లేట్లు ఉంటాయి, ఆప్షన్లు మాత్రం ఉండవు. ఆకలితో ఎవరూ ఉండరు, కోరుకున్నది దొరక్కపోవచ్చు, అంతే తేడా.

నన్నడిగితే దీనికి మందు ప్రీ-ఆర్డరే. సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో "బుక్ ద కుక్" అని ఉంది, పై క్లాసులవాళ్లు బయల్దేరడానికి 24 గంటల ముందు వరకు మెయిన్ కోర్సు ఎంచుకోవచ్చు, మెనూలో లేనివి కూడా ఉంటాయి. ఇప్పుడు చాలా ఎయిర్‌లైన్స్ యాప్‌లోనే ఏదో ఒక రూపంలో ఇస్తున్నాయి. మీరు ఎంచుకుంటే మీ పేరుతో ఒక ప్లేటు కదులుతుంది, నాకు కూడా అంచనా వేసే బాధ తప్పుతుంది. చివరి క్షణంలో విమానమే మారిపోతే మాత్రం ఆ లేబుళ్లు అటూ ఇటూ అయ్యే ప్రమాదం ఉంది, అది నేను కాదనను.

ఒక్క మనవి. ముందుగా ట్రే వస్తుందనే ఆశతో స్పెషల్ మీల్ పెట్టుకుని, తీరా అది వచ్చాక పక్కవాడి ప్లేటు చూసి "నాకూ అదే ఇవ్వండి" అనేవాళ్లు ఉంటారు చూశారూ, లెక్క తప్పించేది ముందుగా వాళ్లే. ఆ మనిషి పేరున మామూలు మీల్ ఎక్కించి ఉండం కదా, ఇంకొకరి వాటాలోంచి పోవాల్సిందే.

---

ముప్ఫైనాలుగో_వరుస జవాబు:

అయ్యా బిజినెస్ మహాశయులారా, ఎకానమీలో ఒక ట్రాలీ ముందు నుంచి, ఒకటి వెనక నుంచి బయల్దేరి రెండూ వచ్చి కలిసేది సరిగ్గా నా సీటు దగ్గర. రెండింట్లోనూ మిగిలింది ఒకటే రకం. నన్ను "చికెనా, వెజ్జా" అని అడిగినవాళ్లు లేరు, ట్రే పెట్టేసి వెళ్లిపోతారు. మీరు కార్డా, వరుసా అని వాదించుకోండి, నేను చదివి ఆనందిస్తాను.

సరదాకి అన్నాను గానీ పర్సర్ గారు చెప్పిన సరి బేసి పద్ధతి నాకు భలే నచ్చింది. రిటర్న్ ఫ్లైట్‌లో నా వంతు వస్తుందన్న నమ్మకం ఉంటే ఈసారి లేకపోయినా అంత బాధ ఉండదు.

---

చివరి_వరుస జవాబు:

అందరికీ థాంక్స్, ఇన్ని వివరాలు వస్తాయనుకోలేదు. ధరని బట్టి ఇవ్వడం కుదరదని ప్రతివారం గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను, ఆ వైపు నేను ఆలోచించలేదు. కానీ కార్డు మాటకొస్తే, కంపెనీ ఆయనకు ఒక మాట ఇస్తే, నాకు మెనూ కార్డు చేతిలో పెట్టి మూడింట్లో ఒకటి ఎంచుకోమనడం కూడా మాటే కదా? ఆ మెనూ మీద "ఉన్నంతవరకు" అని చిన్న అక్షరాల్లో ఉందేమో, నేను చూడలేదు.

పర్సర్ గారూ, రెండు ప్రశ్నలు. గేటు దగ్గర ఊరికే అప్‌గ్రేడ్ అయినవాళ్లను మైల్స్ పెట్టి అప్‌గ్రేడ్ అయినవాళ్లతో సమానంగానే చూస్తారా? పై కార్డు ఉన్న మనిషి ఎక్కగానే నిద్రపోతే ఆయన కోసం ప్లేటు దాచిపెడతారా, లేక మెలకువగా ఉన్నవాళ్లకు ఇచ్చేస్తారా?

---

మాజీ_పర్సర్ జవాబు:

ముందు ప్రతివారం గారికి. అందరూ శాకాహారులైపోతారన్నారు. అవ్వనివ్వండి. అలా చెప్పిన మనిషికి వెళ్లేది పాస్తానే కదా, చికెన్ కాదు. అబద్ధమాడి గెలుచుకునేది తనకు అక్కర్లేని ప్లేటు. నా సర్వీసులో అబద్ధం చెప్పినవాళ్ల కంటే, నిజంగానే తినలేని ఇబ్బంది ఉండి కూడా మొహమాటపడి చెప్పకుండా బ్రెడ్డు నమిలినవాళ్లనే ఎక్కువ చూశాను. అలర్జీ ఉన్నవాళ్ల విషయంలోనైతే అసలు వాదనే వద్దు, ముప్ఫై ఐదు వేల అడుగుల ఎత్తులో ఒకరికి గొంతు వాచిందంటే అప్పుడు డాక్టర్ ఎవరైనా ఉన్నారా అని అనౌన్స్ చేయాల్సింది మేమే, ఒక్కోసారి విమానం దారి మళ్లించాల్సి వస్తుంది కూడా. అలాంటివాళ్లు మెనూ మీద ఆధారపడకుండా ముందే చెప్పి, వెంట కూడా ఏదైనా తెచ్చుకుంటే మంచిది.

అలాగని మీ కార్డుని నేను తీసిపారేయట్లేదు. మీకు మాట ఇచ్చింది నిజమే. ఇద్దరు చికెన్ అడిగి, ఇద్దరూ చేప తినగలిగినవాళ్లయితే, చికెన్ మీకే. ఇంతకంటే ఏం కావాలండి?

ఇప్పుడు అప్‌గ్రేడ్ ప్రశ్న. మైల్స్ పెట్టినవాళ్లు కొన్నవాళ్లతో సమానం, నా దృష్టిలో అందులో రెండో మాట లేదు. సీట్లు ఎక్కువ అమ్మేసి కంపెనీయే పంపిన అప్‌గ్రేడ్ వేరు, కొన్ని ఎయిర్‌లైన్స్‌లో వాళ్లని ఆప్షన్ విషయంలో చివర అడగడం పద్ధతి. సబబే అనిపిస్తుంది. తిరకాసు ఎక్కడంటే, అలా పంపేటప్పుడు ఎకానమీలో ఎవరిని ఎంచుతారు? పెద్ద కార్డు ఉన్నవాళ్లనే. ఇప్పుడు ఆయన పై కార్డు కాబట్టి మొదటా, ఊరికే అప్‌గ్రేడ్ అయ్యాడు కాబట్టి చివరా? మాన్యువల్ రాసినవాళ్లు దీనికి జవాబు రాయరు, గ్యాలీలో నిలబడ్డ మనిషి తేల్చుకోవాలి. నేను చివరే అడిగేదాన్ని. కానీ "మీరు అప్‌గ్రేడ్ కదా" అన్న మాట నోట రానిచ్చేదాన్ని కాదు, వరుసలో తర్వాత వచ్చినట్టే ఉండాలి.

ఎయిర్‌లైన్ ఉద్యోగులు స్టాఫ్ టికెట్ మీద వచ్చి బిజినెస్‌లో కూర్చుంటే మాత్రం సందేహమే అక్కర్లేదు, అందరికన్నా వెనక వాళ్లే. వాళ్లకీ తెలుసు, అడగ్గానే "మిగిలింది ఏదైనా ఇవ్వండి" అంటారు. అనని స్టాఫ్‌ని చూస్తే మిగతా క్రూకి ఒళ్లు మండుతుంది.

నిద్రపోయినవాళ్ల సంగతి మనుషుల్ని బట్టి ఉంటుంది. భోజనానికి లేపమని చెప్పి పడుకుంటే ఆ ప్లేటు ఆయనదే, కార్డుతో పనిలేదు. ఏమీ చెప్పకుండా, డిస్టర్బ్ చేయొద్దని గుర్తు పెట్టి పడుకుంటే, పై కార్డు అయినా సరే నేను సర్వీసు అయ్యేవరకు మాత్రమే ఆపేదాన్ని. ఆపినంతసేపూ వెనకవాళ్లకి "ఇప్పుడే చెప్పలేను, పది నిమిషాలు ఆగగలరా" అని నిజం చెప్పేదాన్ని. ఆగుతారు. అబద్ధం చెప్తే మాత్రం ట్రాలీలో మిగిలిన ప్లేటు ఎవరో ఒకరు చూసేస్తారు, గ్యాలీ కర్టెన్ ఎంత లాగినా పూర్తిగా మూసుకోదు.

---

నిశ్శబ్దం_కావాలి జవాబు:

నాది చిన్న అభ్యంతరం. ముందు ఎవరికి ఇచ్చారన్నది నాకు పెద్ద విషయం కాదు, ఆ ఇచ్చే తతంగం పదిమందికీ కనపడటమే ఇబ్బంది. కార్డు పేరు పైకి చదివి, వంగి నమస్కారం పెట్టి, పక్క సీటువాళ్లని దాటేసి వెళ్లడం చూస్తే, చికెన్ ఉన్నా లేకపోయినా ఆ దాటేసినవాళ్ల మనసు చివుక్కుమంటుంది. పై కార్డువాళ్లకి బోర్డింగ్‌కి ముందే యాప్‌లో మెసేజ్ పంపి ఆర్డర్ తీసేసుకుంటే అయిపోయె. విమానంలో మాత్రం అందరినీ వరుసగా అడగండి. ప్రతివారం గారికి చికెన్ దక్కుతుంది, చివరి_వరుస గారికి అవమానం తప్పుతుంది.

---

ప్రతివారం_ప్రయాణం జవాబు:

దీనికి నేను రెడీ. నిజం చెప్పాలంటే ఆ పేరు పెట్టి పిలిచే కార్యక్రమం మాకూ ఇబ్బందే, పక్కవాళ్లు మనల్నే చూస్తుంటారు. కాకపోతే ప్రీ-ఆర్డర్ విండో 24 గంటల ముందే మూసేస్తే ఈరోజు మధ్యాహ్నం టికెట్ కొని రాత్రికి ఎక్కేవాళ్ల సంగతేంటి? మాలాంటివాళ్లం సగం అదే రకం.

---

లోడింగ్_షీటు జవాబు:

అలాంటివాళ్లకే ఆ సగటు లెక్కలో ఉన్న ప్లేట్లు. ప్రీ-ఆర్డర్ చేయగలిగినవాళ్లు చేస్తే మిగిలిన కొద్దిమంది మధ్యే పోటీ ఉంటుంది. 24 గంటలు అనేది మొండితనం కాదు, సరుకు తెప్పించి వండి చల్లార్చి సర్దడానికి పట్టే టైము. ఇంకా తగ్గించమంటే వంటవాళ్లు నన్ను ఒవెన్‌లో పెడతారు.

చివరి_వరుస గారూ, ఫిర్యాదు రాస్తే "నాకు అవమానం జరిగింది" అని కాకుండా ఫ్లైట్ నంబరు, తేదీ, సీటు, ఏ ఆప్షన్ అయిపోయింది, మీ ముందు ఎన్ని వరుసలు ఉండగా అయిపోయింది, ఇవి రాయండి. మొదటిరకం ఉత్తరాలకు సారీ చెప్పి నాలుగు మైల్స్ ఇస్తారు, అక్కడితో ఫైలు మూసేస్తారు. రెండోరకం అయితే నిష్పత్తి వేసేవాళ్ల టేబుల్ మీదికి వెళ్లే అవకాశం ఉంది. క్రూ కూడా ఫ్లైట్ అయ్యాక ఏది తక్కువ పడిందో రిపోర్ట్ పెడతారు, రెండూ ఒకే మాట చెప్తే మా దగ్గరికి వచ్చే షీటులో అంకె మారుతుంది.

---

చివరి_వరుస జవాబు:

రాస్తాను. ఆ అమ్మాయి గురించి కూడా రెండు మంచి ముక్కలు రాస్తాను. వచ్చే టికెట్‌కి ప్రీ-ఆర్డర్ ఆప్షన్ యాప్‌లో "మై ట్రిప్స్"లో ఎక్కడో లోపల ఉంది, ఇప్పుడే దొరికింది, పెట్టేశాను.